హారన్ కొట్టనన్న మనిషి

మా ఆయన వెర్లిన్ ఓస్ట్రెమ్ గురించి అయొవాలోని మా ఊళ్ళో ఎవరినడిగినా ముందు చెప్పేది ఒకటే: కారును ట్రైలర్ ఎక్కించని మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు ధాన్యం గిడ్డంగిలో మోటార్లు బాగుచేశాడనీ, ఆదివారం చర్చిలో అందరికంటే మంద్రంగా పాడతాడనీ, అవన్నీ ఆ తర్వాత గుర్తొస్తే చెబుతారు. నలభై మూడేళ్ళుగా ఆయన పక్క సీట్లో ఆర్లిస్ అనే ఒక మనిషి కూర్చుని ఉందని చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. ఆ ఆర్లిస్ నేనే.

కారు 1950 నాటి హడ్సన్. రెండు తలుపులది, ముదురాకుపచ్చ. ఒక వితంతువు పశువులపాకలో కోళ్ళు గూడు కట్టుకున్న తుక్కును ఇంటికి లాక్కొచ్చి, ఆరు శీతాకాలాలు దాని కిందే పడుకుని బాగుచేశాడు. అది బాగుపడ్డాక ఇద్దరం పాతకార్ల సంఘంలో చేరాం. చేరింది ఆయన, నన్ను చేర్చింది కూడా ఆయనే. ఏటా ఎండాకాలంలో ఒక్కో రాష్ట్రంలో సంఘం ప్రదర్శన జరుగుతుంది. మూడొందల మైళ్ళు, ఆరొందల మైళ్ళు, ఒక ఏడాదైతే తొమ్మిదొందలు.

ఈ సంఘంలో రెండు రకాల జనం ఉంటారు. కారును రోడ్డు మీద నడుపుకుంటూ వచ్చేవాళ్ళు, ట్రైలర్లో పెట్టి పికప్పు బండికి తగిలించి లాక్కొచ్చేవాళ్ళు. మా దగ్గర లూథరన్, కాథలిక్ చర్చివాళ్ళ మధ్య కూడా ఇంత పట్టింపు లేదు. ట్రైలర్లో వచ్చిన కార్లకి ఒక్క గీత ఉండదు, అద్దంలా మెరుస్తాయి, న్యాయనిర్ణేతలు మార్కులు కుమ్మరిస్తారు. మా హడ్సన్ ముందు భాగమంతా చచ్చిన పురుగులు. "తుడవనియ్యి వెర్లిన్, చూడ్డానికే రోతగా ఉంది" అంటే, "తుడిచావో చూడు, నేను నడిపి వచ్చాననడానికి అవే సాక్ష్యం" అనేవాడు.

వరసగా ఇరవై అయిదేళ్ళు నడుపుకుంటూ వచ్చిన వాళ్ళకి సంఘం ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తుంది. దాని మీద పేరు చెక్కి ఉంటుంది, కారు ముందు బిగించుకోవాలి. ఇప్పటికి ఇద్దరికే దక్కింది, ఇద్దరూ పోయారు. ఒకసారి ఎవడో మైలు దూరంలో ట్రైలర్ దాచి, అక్కడి నుంచి దర్జాగా నడుపుకుంటూ వచ్చాడు. అది తెలిసి మా ఆయన సభలో లేచి నిలబడి గోల చేశాడు. అప్పట్నుంచి గేటు దగ్గర ఒక కార్డు మీద సంతకం పెట్టాలి: ఇంటి నుంచి ఇక్కడి దాకా ఈ కారులోనే, స్టీరింగు ముందు కూర్చునే వచ్చాను. ఆ వాక్యం రాసింది కూడా మా ఆయనే.

మైలో కాస్పరెక్ పక్క జిల్లావాడు, మాకు ఆప్తుడు. భార్య జబ్బుపడ్డ ఏడాది నుంచి అతను కారును ట్రైలర్లో తేవడం మొదలుపెట్టాడు. ఆ మొదటి ఏడాదే మా ఆయన బర్గర్ల కొట్లో పిల్లలకిచ్చే కాగితం కిరీటం ఒకటి తెచ్చి, అందరూ చూస్తుండగా మైలో కారు మీద పెట్టాడు. "రాణీగారు పల్లకీలో వేంచేశారు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. మైలో కూడా నవ్వాడు కానీ, ఆ మధ్యాహ్నం మాతో భోజనానికి కూర్చోలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇక నా సంగతి. కాళ్ళ దగ్గర ఇంజిను సెగ, ఒళ్ళో గుడ్డు శాండ్‌విచ్‌ల డబ్బా, మోకాళ్ళ మధ్య కాఫీ ఫ్లాస్కు. కిటికీ దించితే జుట్టంతా నోట్లోకి. అన్నిటికంటే పెద్ద శిక్ష ఏమిటంటే మాట్లాడకూడదు. నేను నోరు తెరిస్తే చాలు, ఆయన కుడిచెయ్యి లేస్తుంది. "ఆర్లిస్, ఒక్క నిమిషం. ఇంజిను వినాలి." ఆ ఒక్క నిమిషం పక్క రాష్ట్రం సరిహద్దు దాకా సాగేది. అలా మౌనంగా నేను చూసిన పొలాలు, వంతెనలు, ఊళ్ళు ఎన్నో నాకే లెక్క తెలియదు.

పోయిన శరదృతువులో ఒకరోజు ఆయన పేపరు చదువుతూ, "ఈ అక్షరాల మధ్యలో మసి అంటింది చూడు" అన్నాడు. చూశాను. మసీ లేదు, ఏమీ లేదు. కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ నడిమధ్యన మచ్చ పుట్టిందనీ, అది పెరుగుతుందే గానీ తరగదనీ చెప్పాడు. ఫిబ్రవరిలో లైసెన్సు మీద షరతు పడింది: పగటిపూట మాత్రమే, ఇంటి చుట్టూ ముప్పై మైళ్ళ లోపు. మా ఆయన గోడ మీది పటంలో మా ఊరి చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీత గీసి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు.

ఈ ఏడాది ప్రదర్శన మిస్సిసిపీ నది అవతల, రెండొందల నలభై మైళ్ళు. అది ఆయనకి ఇరవై అయిదోది.

"నేను నడుపుతాను" అన్నాను. పెళ్ళికి ముందు మా నాన్న పందుల్ని బండిలో సంతకి తోలినదాన్ని, నాకు చేతకాని బండి లేదు.

"నువ్వు నడిపితే, నేను బిళ్ళ మీద పేరు చెక్కించుకోనా? నేనేమన్నా దొంగనా?"

"అయితే మానేద్దాం."

మార్చి, ఏప్రిల్, మే నెలలు ఆయన సరిగ్గా తినలేదు. బెల్టుకి ఇంకో చిల్లు పెట్టాను. జూన్‌లో ఒకరోజు కంచంలో బంగాళాదుంపల్ని అటూ ఇటూ జరుపుతూ, తలెత్తకుండా, "ట్రైలర్" అన్నాడు. అంతే. నేను కూడా ఇంకో మాట అడక్కుండా మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి అతని ట్రైలరూ, దాన్ని లాగే పికప్పూ అడిగాను. ట్రైలర్‌కి నాలుగు పక్కలా రేకు, కిటికీల్లేవు, ముందువైపు కుడిపక్కన మనిషి పట్టేంత చిన్న తలుపు ఒకటి. వెనక పెద్ద తలుపు దించితే అదే కారు ఎక్కే పలక అవుతుంది.

ఆగస్టులో ప్రదర్శన రోజున తెల్లవారుజామునే, వీధిలోకి కనిపించకుండా షెడ్డు వెనక కారును ఎక్కించాం. ట్రైలర్లో తాడు చుట్టి లాగే చక్రం ఉంది, దాంతో లాగుదామన్నాను.

"చచ్చిన ఆవుని లాగినట్టు లాగుతావా నా కారుని? జరుగు."

తనే నడిపి ఎక్కించాడు, చక్కగా నడిమధ్యన నిలిపాడు. ఇంజిను ఆపాడు. తలుపు తీశాడు. నాలుగు వేళ్ళ సందు వచ్చి, తలుపు ట్రైలర్ గోడకి తగిలి ఆగింది. హడ్సన్ తలుపులు గొడ్ల సావిడి తలుపుల్లా పొడుగ్గా ఉంటాయి. ఏళ్ళ తరబడి ట్రైలర్లని తిట్టిన మనిషికి, అందులో ఎక్కాక దిగడం ఎలాగో ఒక్కసారీ తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా?

"ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాగు" అన్నాను.

"లాగాను."

"లాగింది అదేనా?"

కిటికీలోంచి రమ్మన్నాను. రెండు మోకాళ్ళూ మార్పించుకున్న మనిషి, కాలు అంత ఎత్తు లేవలేదు. "సరే, వెనక్కి తియ్యి, తాడుతోనే లాగుదాం" అన్నాను. లోపల్నుంచి ఆయన గొంతు వచ్చింది. ఏదో మంచి కబురు అందినట్టుగా ఉంది ఆ గొంతు.

"ఆర్లిస్, ఇదే బాగుంది. నన్నిక్కడే ఉండనీ."

"ఏమిటీ?"

"ఇంటి నుంచి అక్కడి దాకా ఈ కారులోనే, స్టీరింగు ముందే కూర్చుని వస్తాను. కార్డు మీద ఉన్నదదే. సంతకం పెడితే అబద్ధం కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మతి పోయిందా? చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి సరే, బుర్రలో తెలివున్న వాడెవడూ ఒప్పుకోడు. ఆగస్టు ఎండ!"

"నువ్వు పందుల్ని తీసుకెళ్ళలేదా?"

"పందుల బండికి గాలి సందులుంటాయి వెర్లిన్!"

"ప్రతి ముప్పై మైళ్ళకీ ఆగి చూడు. నీళ్ళియ్యి. ఇంకేం కావాలి?"

"ఏదన్నా అయితే హారన్ కొట్టు."

"కొట్టను."

"అవసరమైతే కొట్టమంటున్నాను."

"అవసరం రాదు. తలుపు వెయ్యి."

వేశాను. ఎందుకు వేశావని ఇప్పుడు మా చెల్లెలు నిలదీస్తుంది. మార్చి నుంచి ఆ మనిషి కంచం ముందు కూర్చున్న తీరు అది చూడలేదు. ఆ గొంతులో ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఉత్సాహం విన్నాను, అందుకే వేశాను. అది తప్పే. నా జీవితంలో నేను చేసిన తప్పులన్నిటిలో పెద్దది అదే.

మొదటిసారి ఆగినప్పుడు చిన్న తలుపులోంచి దూరి, కారు కిటికీలోంచి నీళ్ళ సీసా అందించాను. మెడలో టై, నెత్తిన టోపీ, రెండు చేతులూ స్టీరింగు మీద. "ఎక్కడున్నాం?" అన్నాడు. చెప్పాను. "బాగా నడుపుతున్నావు" అన్నాడు. నలభై మూడేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. రెండోసారి టై లేదు. మూడోసారి కారు లోపలి దీపం కూడా లేదు. "బ్యాటరీ అయిపోతుందని ఆర్పేశాను" అన్నాడు. నాలుగోసారి ఎక్కడున్నామని అడగలేదు. నీళ్ళు తాగి, సీసా తిరిగి ఇస్తున్నప్పుడు నా వేళ్ళు కాసేపు వదల్లేదు.

"తీసేస్తాను బయటికి" అన్నాను.

"పద" అన్నాడు.

నది దాటాక పన్నెండు మైళ్ళకి ట్రైలర్ కుడి టైరు పేలింది. బండిని రోడ్డు వారకి దించి ఆపాను. ఎండ ముదురుతోంది. చిన్న తలుపు దగ్గరికి పరిగెత్తబోయాను, వెనకనుంచి వరసగా హారన్లు వినబడ్డాయి. మా సంఘం వాళ్ళే. మా ఊరి వైపు నుంచి బయల్దేరిన ఏడు పాతకార్లు, వాటి వెనక ట్రైలర్ లాగుతూ మైలో పికప్పు. వాళ్ళని తప్పించుకోవాలనే మేం గంట ముందు బయల్దేరాం, ఆగుతూ రావడంలో ఆ గంటా పోయింది. దారిలో ఎవరి బండి ఆగినా సంఘంలో ఎవడూ దాటి పోకూడదన్నది మా ఆచారం. ఎనిమిది బళ్ళూ ఆగాయి.

మైలో జాకీ పట్టుకుని దిగాడు. "ఆర్లిస్! ఈ డబ్బా ఎవరిది?"

"మా అన్నది. సామాను చేరవెయ్యమన్నాడు."

"వెర్లిన్ ఏడీ?"

"ముందు వెళ్ళాడు."

"నువ్వు లేకుండానా? అయ్యబాబోయ్, పాపం ఇవాళ ఎవర్ని నోరు మూసుకోమంటున్నాడో!" అన్నాడు గేలెన్. గేలెన్ మా సంఘానికి కోశాధికారి, ఎనభై ఏళ్ళ వాగుడుకాయ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ట్రైలర్ గోడకి చెయ్యి ఆనించి, కాలి, వెనక్కి తీసుకున్నాను.

టైరు పోయింది కుడివైపు, చిన్న తలుపు ఉన్నదీ కుడివైపే. గేలెన్ సరిగ్గా ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడ్డాడు. మిగతా వాళ్ళు చుట్టూ చేరి మైలో చేతుల వైపు చూస్తున్నారు. ఆఖరిసారి నీళ్ళిచ్చి నలభై నిమిషాలయింది. తలుపు తీస్తే ఇరవై నాలుగేళ్ళ పరువు ఈ రోడ్డు పక్కన మట్టిలో కలిసిపోతుంది. తియ్యకపోతే మనిషే పోవచ్చు. ఎటూ కదల్లేక నిలబడిపోయాను.

"ఎంత బరువు! రాళ్ళేమన్నా తోలుతున్నావా?" అన్నాడు మైలో, చక్రం బోల్టులు బిగిస్తూ.

"ఇనప సామాను" అన్నాను. అది నా మూడో అబద్ధం.

"వెర్లిన్ గనక ఇప్పుడు నిన్ను చూస్తే విడాకులిచ్చేస్తాడు!" అన్నాడు గేలెన్. "ట్రైలర్ తాకిన చేత్తో వండింది తినడు వాడు."

మైలో లేచి చేతులు తుడుచుకున్నాడు. "ఎన్నయినా చెప్పండి, మాట మీద నిలబడ్డవాడు వాడొక్కడే. నన్ను ఎన్ని మాటలన్నా, నడిపి చూపించి అన్నాడు." జేబులోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పాడు. ఇత్తడి బిళ్ళ. "నేనే చెక్కించాను. చూడు ఆర్లిస్, పేరు సరిగ్గా వచ్చిందా?"

చూశాను. సరిగ్గానే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు హారన్ మోగింది.

ఒక్కసారి కొట్టి వదలడం కాదు. నొక్కిన చెయ్యి తియ్యకుండా, రెండు స్వరాల పాత హారన్, రేకు డబ్బా లోపల్నుంచి. గేలెన్ ఉలిక్కిపడి తలుపు దగ్గర్నుంచి ఎగిరి దూకాడు. ఆ హారన్ ఎవరిదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. మైలో మొహం పాలిపోయింది. "ఆర్లిస్..." అన్నాడు. అప్పటికే నేను వెనక తలుపు దగ్గర గడియలు లాగుతున్నాను.

పలక కిందికి దిగి వెలుతురు లోపలికి పడేదాకా హారన్ ఆగలేదు. పడ్డాక ఆగింది. వెనక అద్దంలోంచి మా ఆయన టోపీ కనిపించింది. బక్కపల్చని మైలో గోడకీ కారుకీ మధ్య దూరి, బ్రేకు వదిలించి గేరు తీయించాడు. మిగతావాళ్ళు చేతులతో కారును మెల్లగా రోడ్డు వారకి దించారు. తలుపు బార్లా తెరిచి, ఆయన కాళ్ళు నేలకి ఆనించి కూర్చున్నాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది. నీళ్ళ సీసా నోటికి పట్టాను. సగం తాగాడు, సగం మెడ మీద పోసుకున్నాడు.

మైలో ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. మా ఆయన అతని చెవి పక్కగా, దూరంగా ఉన్న కంచె వైపు చూస్తున్నాడు.

"వెర్లిన్, నా మొహం చూసి మాట్లాడు."

"చూస్తూనే ఉన్నాను" అన్నాడు మా ఆయన. "పక్కకి చూస్తేనే నువ్వు కనబడతావు."

మైలోకి అర్థమైంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన శరదృతువు నుంచి. ముప్పై మైళ్ళు దాటి నడపకూడదన్నారు."

"ఒరేయ్ మొండిఘటం, నాకొక్కడికైనా చెప్పొద్దూ?"

"నీకెలా చెప్పను? కిరీటం పెట్టింది నేను."

మైలో లేచి తన పికప్పు దగ్గరికి వెళ్ళాడు. ఎండకి వెలిసిపోయిన కాగితం కిరీటం పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళూ దాన్ని అద్దం దగ్గరే ఉంచుకున్నాడట. "ఇది నీ బాకీ" అన్నాడు. మా ఆయన చెయ్యి చాచి అందుకున్నాడు. తడుముకుంటూ హడ్సన్ ముందు భాగం దాకా నడిచి, దాన్ని తనే అక్కడ పెట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మైలో వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు.

మళ్ళీ ట్రైలర్ ఎక్కించేటప్పుడు కారుని తాడుతో లాగడం ఎలాగో మైలోనే చూపించాడు. మా ఆయన వచ్చి మా పికప్పులో నా పక్కన కూర్చున్నాడు. ప్రదర్శన గేటు దగ్గర ఒక అమ్మాయి కార్డూ పెన్నూ ఇచ్చింది. ఆయన తల పక్కకి వంచి, కంటి కొసతో చూస్తూ, తను రాసిన వాక్యాన్ని కొట్టేశాడు. కింద పెద్ద అక్షరాలతో "ట్రైలర్లో తెచ్చాను" అని రాసి సంతకం పెట్టాడు. అమ్మాయి చదవలేదనుకున్నాడేమో, పైకి కూడా అన్నాడు. మా వెనక వరసలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. మైలో జేబులో బిళ్ళ ఉందని నాకు తెలుసు, అదెవరి పేరు మీద ఉందో ట్రైలర్ లోపల్నుంచి ఆయనా విన్నాడు. ఎవరూ దాన్ని బయటికి తియ్యలేదు, ఆయన అడగలేదు.

మర్నాడు తిరుగుదారిలో నది వంతెన దాటాక అడిగాను. "ఎందుకు కొట్టావు హారన్? కొట్టనన్నావుగా. ఉక్క భరించలేకపోయావా?"

"ఉక్క కాదు."

"మైలో మాటలకా? నేను అబద్ధాలు చెబుతున్నాననా?"

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీపం ఆర్పేశాక ఏమీ కనబడలేదు ఆర్లిస్. నా చెయ్యి కూడా. నువ్వు బయట నవ్వుతున్నావు, అందరూ ఉన్నారు, నేను లోపలున్నాను. ఇక ముందు నా బతుకంతా ఇదే కదా అనిపించింది. భయమేసింది. అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. తిప్పితే బండి ఆపాల్సొచ్చేది. కుడిచెయ్యి చాచి ఆయన మోకాలి మీద పెట్టాను.

"ఆర్లిస్."

"ఊఁ."

"ఏదన్నా మాట్లాడు. బయట ఏం కనబడుతోందో చెబుతూ ఉండు."

ఇంజిను వినక్కర్లేదా అని అడగబోయి మానేశాను. నలభై మూడేళ్ళ మాటలున్నాయి నా దగ్గర. రోడ్డుకి ఎడంపక్క మొక్కజొన్న చేను ఉంది, అక్కడ మొదలుపెట్టాను.